బుల్‌ని కాదు, గ్రూప్‌ని చూడండి: .22 రైఫిల్‌తో గురి కుదరడానికి కేడెట్లు ఏం చేయాలి

వార్షిక శిక్షణ శిబిరంలో ఫైరింగ్ ముగించుకొని వచ్చిన ఎన్‌సీసీ కేడెట్లు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "సరిగ్గా బుల్‌కే (టార్గెట్ నడుమ ఉండే నల్లని వృత్తానికే) గురి పెట్టాను, అయినా ఐదు రౌండ్లూ (తూటాలూ) ఐదు చోట్ల పడ్డాయి, కారణం ఏమిటి?" అని ఇంటర్మీడియెట్ పిల్లలూ అడుగుతారు, 'సి' సర్టిఫికెట్ పరీక్షకు సిద్ధమవుతున్న డిగ్రీ విద్యార్థులూ అడుగుతారు. అందుకే 25 మీటర్ల రేంజి (కాల్పుల మైదానం) మీద పడుకొని .22 (0.22 అంగుళాల క్యాలిబర్) రైఫిల్ కాల్చే కేడెట్‌ను దృష్టిలో పెట్టుకొని, మొదటి నుంచి చివరి దాకా చేయవలసిన పనులను వరుసగా ఇక్కడ రాస్తున్నాను. రైఫిల్ క్లబ్బులో నేర్చుకుంటున్నవారికి కూడా ఇందులో ఎక్కువ భాగం వర్తిస్తుంది.

అన్నిటికన్నా ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. ఐదు తూటాలు బుల్‌కు దూరంగానైనా సరే ఒకే చోట పడితే మీరు బాగా కాల్చినట్లే, ఎందుకంటే ఆ దూరాన్ని సైట్ (రైఫిల్ మీద గురి చూసే అమరిక) సరిచేసి పోగొట్టవచ్చు. ఒకటి బుల్‌లో పడి, మిగిలిన నాలుగు నాలుగు మూలలకు పోతే మాత్రం ఆ బుల్‌కు ఏ విలువా లేదు. కాబట్టి కింద చెప్పిన ప్రతి పనికీ గ్రూపింగ్ (తూటాలన్నీ దగ్గర దగ్గరగా పడడం) బిగించడమే లక్ష్యం.

కావలసినవి

రైఫిల్, రౌండ్లు, టార్గెట్లు యూనిట్ వారే ఇస్తారు. మీరు తెచ్చుకోవలసినవి చెవులకు ఇయర్ ప్లగ్‌లు, మోచేతుల కింద పరచుకోవడానికి దళసరి గుడ్డ, చెమట తుడుచుకోవడానికి చేతిరుమాలు, చిన్న నోటుపుస్తకం, పెన్సిల్, స్కేలు. కళ్లద్దాలు వాడేవారు అవి జారకుండా వెనుక కట్టుకునే తాడు తెచ్చుకోవాలి. పడుకున్నప్పుడు తల ముందుకు వంగుతుంది కాబట్టి అద్దాలు ముక్కు మీదికి జారి, చూపు అద్దం పై అంచు గుండా పోతుంది. చాలామంది ఈ చిన్న విషయం వల్లనే సైట్ మసకగా కనిపిస్తోందని ఇబ్బంది పడుతుంటారు.

తప్పనిసరి జాగ్రత్తలు

రైఫిల్ చేతికి వచ్చిన క్షణం నుంచి తిరిగి అప్పగించే దాకా దాని మూతి టార్గెట్ వైపే ఉండాలి. ఖాళీగా ఉందని తెలిసినా సరే, లోడ్ అయి ఉన్నట్లే భావించాలి. ఫైర్ చేయమన్న ఆదేశం వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉంచాలి. ఎవరైనా టార్గెట్ల దగ్గరకు వెళ్లినప్పుడు రైఫిల్‌ను తాకనే కూడదు. రేంజి మీద ఎర్రజెండా ఎగురుతున్నంత సేపూ ఫైరింగ్ జరుగుతున్నట్లే లెక్క. పీఐ స్టాఫ్ (శిక్షణ ఇచ్చే సైనిక సిబ్బంది) ఆదేశం వినిపించకపోతే ఊహించి పని చేయకండి, చేయి ఎత్తి అడగండి.

ట్రిగ్గర్ నొక్కినా రౌండ్ పేలకపోతే వెంటనే బోల్టు (రౌండ్‌ను లోపలికి తోసి మూసే కడ్డీ) తెరవకూడదు. కొన్నిసార్లు మందు ఆలస్యంగా అంటుకుంటుంది. మూతిని టార్గెట్ వైపే ఉంచి, కనీసం 30 సెకన్లు ఆగి, చేయి ఎత్తండి. మామూలు కంటే బలహీనంగా 'తుస్సు'మని శబ్దం వస్తే అది ఇంకా ప్రమాదకరం. తూటా బ్యారెల్‌లోనే ఇరుక్కొని ఉండవచ్చు, ఆ పరిస్థితిలో మరో రౌండ్ కాలిస్తే బ్యారెల్ పగలవచ్చు. అక్కడితో ఆపి పీఐ స్టాఫ్‌ను పిలవాలి.

ఇందులో చెప్పినదంతా అనుమతి ఉన్న రేంజి మీద, శిక్షకుల పర్యవేక్షణలో చేయవలసిన టార్గెట్ ఫైరింగ్ గురించి మాత్రమే. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం, అడవి జంతువులను వేటాడడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఫైరింగ్‌కు ముందు రోజుల్లో

1. మీ ప్రధాన నేత్రం ఏదో తెలుసుకోండి. రెండు అరచేతులనూ ముందుకు చాచి, వాటి మధ్య చిన్న సందు ఉంచి, ఆ సందులోంచి రెండు కళ్లతో దూరంగా ఉన్న ఏదైనా గుర్తును చూడండి. ఇప్పుడు ఒక్కొక్క కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గుర్తు సందులోనే నిలుస్తుందో అదే ప్రధాన నేత్రం. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను ప్రధానమైతే రెండు మార్గాలున్నాయి. ఎడమ కన్ను ముందు కాగితం ముక్క అడ్డుపెట్టుకొని కుడి భుజం నుంచే కాల్చడం ఒకటి, ఎడమ భుజానికి మారడం రెండోది. మన దగ్గర ఇచ్చే రైఫిళ్ల బోల్టు కుడివైపే ఉంటుంది కాబట్టి కొత్తవారికి మొదటిదే సులువు. ఏది ఎంచుకున్నా ఫైరింగ్ రోజున మార్చకండి.

2. గురి చిత్రాన్ని కాగితం మీద గీయండి. బ్యాక్‌సైట్ (కంటికి దగ్గరగా ఉండే సైట్) గాటు మధ్యలో ఫోర్‌సైట్ (మూతి దగ్గర ఉండే సైట్) నిలబడాలి. రెండు వైపులా వెలుతురు సమానంగా కనిపించాలి. ఫోర్‌సైట్ కొన గాటు భుజాలతో ఒకే ఎత్తులో ఉండాలి. ఆ కొన మీద బుల్ కూర్చున్నట్లు కనిపించాలి. చూడకుండా మూడుసార్లు సరిగ్గా గీయగలిగితే గురి చిత్రం మీకు వంటబట్టినట్లే.

3. త్రిభుజ పరీక్ష చేయించుకోండి. దీనికి ఒక్క రౌండ్ కూడా అవసరం లేదు. రైఫిల్‌ను ఇసుక బస్తాల మీద కదలకుండా అమర్చి, సుమారు 10 మీటర్ల దూరంలో పలకకు తెల్ల కాగితం అంటించాలి. నల్లని చిన్న బిళ్లకు నడుమ పిన్ను దూరేంత చిల్లు పెట్టి, తోటి కేడెట్ దానిని కాగితం మీద జరుపుతూ ఉండాలి. మీరు రైఫిల్‌ను తాకకుండా సైట్ల గుండా చూస్తూ, గురి కుదిరినప్పుడు ఆపమనాలి. అప్పుడు ఆ కేడెట్ చిల్లులోంచి పెన్సిల్ గుర్తు పెడతాడు. ఇలా మూడుసార్లు చేసి గుర్తులను కలిపితే త్రిభుజం వస్తుంది. దాని భుజాలు సెంటీమీటరు లోపు ఉంటే మీ కన్ను ప్రతిసారీ ఒకే విధంగా గురి పెడుతోందని అర్థం. త్రిభుజం పెద్దదిగా వస్తే రేంజికి వెళ్లినా గ్రూపింగ్ రాదు, ఇక్కడే మళ్లీ సాధన చేయండి. శిబిరాల్లో దీనిని తొందరగా ముగించేస్తారు. నా దృష్టిలో ఖర్చు లేకుండా ఇంత లాభం ఇచ్చే అభ్యాసం మరొకటి లేదు.

4. ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ సాధన చేయండి. అయితే .22 రైఫిల్ ఛాంబర్‌లో (రౌండ్ కూర్చునే గదిలో) ఏమీ లేకుండా ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ను నేరుగా ఛాంబర్ అంచుకు తగిలి, పిన్నూ అంచూ దెబ్బతినవచ్చు. అందువల్ల డ్రిల్ రౌండ్ (పేలని నమూనా రౌండ్) గానీ, కాల్చిన ఖాళీ కేస్ గానీ పెట్టి, అది ఖాళీదేనని శిక్షకుడు చూసిన తరువాతనే మొదలుపెట్టాలి. బ్యారెల్ మీద మూతి దగ్గర ఒక నాణెం పెట్టమని తోటి కేడెట్‌కు చెప్పి ట్రిగ్గర్ నొక్కండి. పిన్ను పడిన తరువాత కూడా నాణెం కదలకుండా ఉండాలి.

రేంజి మీద

5. ముందుగా బ్యారెల్ పొడిగా ఉందో లేదో అడిగి తెలుసుకోండి. నూనె పట్టించిన బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి ఒకటి రెండు రౌండ్లు గ్రూప్‌కు దూరంగా పడతాయి. వీలుంటే వార్మింగ్ రౌండ్ల (బ్యారెల్ సిద్ధం చేయడానికి ముందుగా కాల్చే రౌండ్ల) తరువాత మీ డీటెయిల్ (ఒకేసారి కాల్చే జట్టు) వచ్చేలా చూడమని కోరండి. వీలు కాకపోతే మొదటి రౌండ్‌ను గ్రూప్ లెక్కలో చేర్చకుండా విడిగా గుర్తుపెట్టుకోండి.

6. పడుకునే తీరు సరిచూసుకోండి. కుడిచేతి వాటం వారు టార్గెట్ గీతకు కొద్దిగా ఎడమవైపు ఏటవాలుగా పడుకొని, కాళ్లు దూరంగా చాపి, మడమలు నేలకు ఆనేలా ఉంచాలి. ఎడమ మోచేయి వీలైనంత వరకు రైఫిల్ కిందికి రావాలి. అప్పుడు బరువును ఎముకలు మోస్తాయి, కండరాలు అలసిపోవు. ఎడమ చేతితో రైఫిల్‌ను గట్టిగా పట్టుకోవలసిన పని లేదు, అది అరచేతిలో కూర్చుంటే చాలు. బట్ (రైఫిల్ వెనుక భాగం) భుజం గుంటలో గట్టిగా ఆనాలి. చెంప ప్రతి రౌండ్‌కూ బట్ మీద ఒకే చోట తగలాలి.

పొట్టిగా ఉన్న కేడెట్లకు బట్ పొడవు ఎక్కువై, తల బాగా ముందుకు చాచవలసి వస్తుంది. అలాంటివారు పడుకునే కోణాన్ని కొద్దికొద్దిగా మార్చి చూసి, తలకు సులువుగా ఉండే తీరును ఎంచుకోవాలి. చేతులు వణుకుతుంటే ఇసుక బస్తా అడగండి, అది సిగ్గుపడవలసిన విషయం కాదు. అయితే బస్తా మీద ముంజేయి గానీ అరచేయి గానీ ఆనాలి తప్ప బ్యారెల్ ఆనకూడదు. బ్యారెల్ నేరుగా ఆనితే తూటా పడే చోటు మారిపోతుంది.

7. శరీరం తనంతట తాను ఎటు చూపుతోందో పరీక్షించుకోండి. రౌండ్ లోడ్ చేయకముందే చేయవలసిన పని ఇది. కొత్తవారిలో ఎక్కువమంది వదిలేసేది కూడా ఇదే. గురి పెట్టి, కళ్లు మూసుకొని, రెండు మూడుసార్లు మామూలుగా ఊపిరి పీల్చి వదిలి, ఒళ్లు సడలించండి. కళ్లు తెరిచేసరికి ఫోర్‌సైట్ బుల్ కిందనే ఉందా? ఉంటే సరే. కుడికి జరిగి ఉంటే చేతులతో ఎడమకు లాగకండి. అలా లాగితే ట్రిగ్గర్ పడే క్షణంలో పట్టు సడలి, రైఫిల్ తిరిగి కుడికే పోతుంది. ఎడమ మోచేతిని ఇరుసులా కదలకుండా ఉంచి, నడుమును, కాళ్లను కొద్దిగా కుడికి జరపండి. అప్పుడు మూతి ఎడమకు తిరుగుతుంది. ఫోర్‌సైట్ పైకి పోయి ఉంటే మోచేతులు కదపకుండా శరీరాన్ని కొద్దిగా ముందుకు, కిందికి దిగి ఉంటే కొద్దిగా వెనుకకు జరపాలి. మళ్లీ కళ్లు మూసి పరీక్షించండి. వరుసగా రెండుసార్లు బుల్ కిందనే నిలిచేదాకా ఇదే పని. ఇందుకు పట్టే ఒక నిమిషం ఎన్నటికీ వృథా కాదు.

8. చూపును ఫోర్‌సైట్ మీదనే నిలపండి. కన్ను ఒకేసారి బ్యాక్‌సైట్‌ను, ఫోర్‌సైట్‌ను, టార్గెట్‌ను స్పష్టంగా చూడలేదు. ఫోర్‌సైట్ అంచు స్పష్టంగా, బుల్ కాస్త మసకగా కనిపించాలి. చాలామంది దీనికి విరుద్ధంగా చేస్తారు. దాని ఫలితం లెక్క వేసి చూడండి. రెండు సైట్ల మధ్య దూరం 60 సెంటీమీటర్లు అనుకుంటే, గాటులో ఫోర్‌సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు ఉన్నా 25 మీటర్ల దగ్గర తూటా 4 సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. అదే సైట్లు రెండూ సరిగ్గా కుదిరి ఉండి, మొత్తం గురి బుల్ మీద ఒక సెంటీమీటరు పక్కకు ఊగితే తూటా కూడా ఒక సెంటీమీటరే తప్పుతుంది. అంటే బుల్ మీద ఊగిసలాటను భరించవచ్చు గానీ, గాటులో ఫోర్‌సైట్ తప్పడాన్ని భరించలేము.

9. ఊపిరిని మధ్యలో బిగబట్టకండి. పీల్చి, సహజంగా వదిలేశాక తరువాతి ఊపిరికి ముందు చిన్న విరామం వస్తుంది. ఆ విరామాన్ని కొద్దిగా పొడిగించి కాల్చాలి. ఏడెనిమిది సెకన్లలో రౌండ్ పోకపోతే వేలు తీసి, మళ్లీ ఊపిరి పీల్చి, మొదటి నుంచి మొదలుపెట్టండి. అంతకు మించి ఆపితే చూపు మసకబారుతుంది, ఎలాగోలా కాల్చేయాలన్న తొందర పుడుతుంది.

10. ట్రిగ్గర్‌ను నేరుగా వెనుకకు, నెమ్మదిగా నొక్కండి. చూపుడువేలి కొన వైపు మెత్తని భాగం మధ్యభాగం ట్రిగ్గర్ మీద ఉండాలి. ఎన్‌ఫీల్డ్ (పాత బ్రిటిష్ నమూనా) తరహా రైఫిళ్లలో ట్రిగ్గర్ రెండు దశల్లో కదులుతుంది. మొదటి ఒత్తిడితో ఖాళీ కదలిక పోయి, ఒకచోట ఆగుతుంది. గురి పెట్టేటప్పుడే అక్కడిదాకా తెచ్చి ఉంచి, ఊపిరి విరామంలో రెండవ ఒత్తిడిని కొద్దికొద్దిగా పెంచాలి. "ఇప్పుడు సరిగ్గా ఉంది, కాల్చేయాలి" అనిపించిన క్షణంలో లాగేయడమే అసలు దోషం. ఫోర్‌సైట్ బుల్ కింద కొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఊగనివ్వండి, ఒత్తిడి మాత్రం ఆపకండి. రౌండ్ ఏ క్షణాన పోతుందో మీకు ముందుగా తెలియకూడదు.

11. రౌండ్ పోయిన తరువాత కూడా ఒక క్షణం అలాగే ఉండండి. తల ఎత్తకండి, వేలు వదలకండి. ఫోర్‌సైట్ ఎక్కడికి వచ్చి ఆగిందో చూసి, రౌండ్ పోయినప్పుడు అది ఎక్కడుందో మనసులో గుర్తుపెట్టుకోండి. "కొంచెం ఎడమకు, కిందికి పోయి ఉంటుంది" అని టార్గెట్ చూడకముందే చెప్పగలగడం నేర్చుకుంటే సగం శిక్షణ పూర్తయినట్లే. తరువాత ఎడమ మోచేయి కదలకుండా బోల్టు నడిపి, ఐదు రౌండ్లనూ ఒకే బిందువుకు గురి పెట్టి కాల్చండి. మొదటి రౌండ్ పక్కకు పోయిందని తెలిసినా రెండవదానికి గురి మార్చకూడదు. మార్చారంటే ఆ టార్గెట్ మీకు ఏమీ నేర్పదు.

టార్గెట్‌ను చదవడం

టార్గెట్ చేతికి వచ్చాక మొత్తం స్కోరు చూసి పక్కన పెట్టేయకండి. అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు చిల్లుల మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి రాసుకోండి. అదే మీ గ్రూప్ సైజు. చిల్లు అంచులు చిరిగి ఉంటాయి కాబట్టి కేంద్రం నుంచి కేంద్రానికి కొలవాలి. 25 మీటర్ల దగ్గర కొత్తవారికి 10 సెంటీమీటర్ల గ్రూప్ వస్తే ఆశ ఉన్నట్లే. 5 సెంటీమీటర్లకు దిగితే బాగుంది. ఐదు చిల్లులనూ పది రూపాయల నాణెం కప్పేస్తే, అది 27 మిల్లీమీటర్ల వెడల్పు కాబట్టి, మీరు పోటీల గురించి ఆలోచించవచ్చు. ఈ కొలమానం నాది, పరీక్షకు యూనిట్ వారు చెప్పే కొలతలే ప్రమాణం.

చిల్లులు పైనుంచి కిందికి నిలువుగా పరచుకొని ఉంటే ఊపిరి మీద అనుమానపడండి. ప్రతి రౌండ్‌నూ ఊపిరిలో వేర్వేరు దశల్లో కాల్చి ఉంటారు, లేదా గాటులో ఫోర్‌సైట్ ఎత్తు మారుతూ ఉంటుంది. అడ్డంగా పరచుకుంటే వేలు ట్రిగ్గర్‌ను పక్కకు తోస్తోందేమో, ఎడమ మోచేయి రైఫిల్ కింద నుంచి బయటికి పోయిందేమో, రైఫిల్ ఒకవైపు ఒరుగుతోందేమో చూసుకోవాలి. రెండు చిన్న గ్రూపులు విడివిడిగా కనిపిస్తే మధ్యలో మోచేయి కదిలింది, లేదా చెంప చోటు మారింది. నాలుగు దగ్గరగా పడి ఒకటి దూరంగా పోతే ఆ ఒక్కదానిని లాగి కాల్చారని అర్థం, దానికోసం మిగతావేవీ మార్చకండి. ఏ వరుసా లేకుండా అన్నీ చెదిరిపోతే చూపు బుల్ మీద ఉండి ఉంటుంది, లేదా శబ్దానికి భయపడి కళ్లు మూసి ఉంటారు.

ఈ భయం ఉన్నదీ లేనిదీ తేల్చుకోవడానికి మంచి పద్ధతి ఉంది. శిక్షకుడు మీకు తెలియకుండా అసలు రౌండ్ల మధ్య డమ్మీ (పేలని) రౌండ్లు కలిపి ఒక్కొక్కటిగా లోడ్ చేసి ఇస్తారు. డమ్మీ దగ్గర పిన్ను 'టిక్' అన్నప్పుడు మూతి కిందికి గుంజుకుంటే, తూటా పేలుతుందని మీ శరీరం ముందే ఉలిక్కిపడుతోందన్నమాట. ఇయర్ ప్లగ్‌లు సరిగ్గా పెట్టుకొని, మళ్లీ నాణెం సాధనకు వెళ్లండి.

గ్రూప్ చిన్నదిగా ఉండి ఒక పక్కకు పడితేనే సైట్ గురించి మాట్లాడాలి. సైట్లను కేడెట్ ముట్టుకోకూడదు, టార్గెట్ చూపించి పీఐ స్టాఫ్‌కు చెప్పాలి. సూత్రం మాత్రం తెలిసి ఉండడం మంచిది. గ్రూప్ ఎటు పోయిందో ఫోర్‌సైట్‌ను అటే జరపాలి, గ్రూప్ ఎటు రావాలో బ్యాక్‌సైట్‌ను అటు జరపాలి. ఒక్క గ్రూప్ చూసి మార్చడం తొందరపాటు, రెండు గ్రూపులు ఒకే చోట పడ్డాక మార్చడం సబబు. మార్చే వీలు లేకపోతే గ్రూప్ ఎంత పక్కకు పోయిందో అంత వ్యతిరేక దిశలో గురి పెట్టి తరువాతి ఐదు కాల్చండి.

ఆరుబయట ఎదురయ్యేవి

25 మీటర్ల దగ్గర గాలి తూటాను పెద్దగా తొయ్యదు, మనిషినే కదుపుతుంది. ఈదురుగాలి వస్తే ఆగి, తగ్గాక కాల్చండి. 50 మీటర్ల దగ్గర మాత్రం గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి .22 తూటాను సుమారు 3 సెంటీమీటర్లు పక్కకు తోస్తుంది కాబట్టి అప్పుడు లెక్కలోకి తీసుకోవాలి.

మన ప్రాంతంలో గాలి కన్నా ఎండ పెద్ద సమస్య. ఫోర్‌సైట్ మీద ఒక పక్కనుంచి ఎండ పడితే ఆ అంచు మెరిసి, దాని అసలు వెడల్పు కంటికి తెలియదు. ఉదయం కాల్చిన గ్రూప్‌కూ మధ్యాహ్నం కాల్చిన గ్రూప్‌కూ చోటు మారడానికి తరచుగా ఇదే కారణం. తోటి కేడెట్‌ను వెనుక నుంచి నీడ పట్టమని అడగవచ్చు, అందుకు ముందుగా అనుమతి తీసుకోవాలి. చెమట కంట్లోకి కారితే గురి వదిలేసి తుడుచుకోండి. ఉదయం ఏమీ తినకుండా గంటల తరబడి ఎండలో నిలబడితే చేతులు వణుకుతాయి, కాబట్టి టిఫిన్ తిని, నీళ్లు తాగుతూ ఉండండి.

రౌండ్లు తక్కువగా దొరుకుతాయన్నది నిజమైన ఇబ్బంది. దానికి ప్రత్యామ్నాయంగా దగ్గరలోని రైఫిల్ క్లబ్బులో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకోవచ్చు. ఊపిరి, చూపు, ట్రిగ్గర్ అన్నీ అక్కడా ఇవే. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ అంశంలోనే. అక్కడ నిలబడి కాల్చాలి కాబట్టి పడుకొని కాల్చడం ఆ తరువాత సులువనిపిస్తుంది.

ఫైరింగ్ ముగిశాక రైఫిల్ ఖాళీ చేసి, తనిఖీ చేయించి, అప్పగించండి. బ్యారెల్ శుభ్రం చేసే అవకాశం ఇస్తే తప్పించుకోకుండా చేయండి. తూటాల్లోనూ పొగలోనూ సీసం ఉంటుంది కాబట్టి చేతులూ ముఖమూ సబ్బుతో కడుక్కున్న తరువాతనే ఏదైనా తినాలి. ఆ రోజే నోటుపుస్తకంలో తేదీ, రైఫిల్ నంబరు, ఎండ ఏ పక్క ఉంది, గ్రూప్ సైజు ఎంత, గ్రూప్ బుల్‌కు ఎటు పడింది, ఏ రౌండ్ తప్పిందని మీరు ముందే అనుకున్నారు అనే వివరాలు రాసి, చిల్లుల చోట్లు చిన్న బొమ్మగా వేసుకోండి. తరువాతి ఫైరింగ్‌లో వీలైతే అదే నంబరు రైఫిల్ ఇవ్వమని అడగండి.